వెనక ఇరుసులోకి నీళ్లు

జీపు వెనక చక్రాల మధ్య, ఇరుసు మీద, చిన్న గుమ్మడికాయంత ఇనుప గుండు ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని హౌసింగ్ అంటారు. దాని అడుగు నట్టు విప్పగానే కింద పెట్టిన పళ్లెంలోకి ముందు నీళ్లు కారాయి. ఆ తర్వాత పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్ వచ్చింది. నల్లగానైనా రావాలి, తేనె రంగులోనైనా రావాలి గానీ ఇట్లా రాకూడదట.

"చూసినారా సార్," అన్నాడు మెకానిక్ జీపు కిందనుంచే. "ఇంకొన్నాళ్లు ఇట్లనే తిప్పింటే లోపల గేర్ల పళ్లన్నీ పోయుండేవి. మీకు ఆ కూత వినపడలేదా?"

వినపడింది. వాగు దాటి వచ్చిన మర్నాటి నుంచీ వెనకనుంచి సన్నగా ఏడుపులాంటి కూత వస్తోంది. పాత బండి కదా అనుకున్నాను. అది కొత్తగా వచ్చిన చప్పుడా, ఎప్పుడూ ఉన్నదేనా అన్నది కూడా నాకు తెలియదు. అన్నేళ్లూ ఆ జీపు నడిపింది నేను కాదు.

నా భార్య పశువుల డాక్టరు. ఉద్యోగం వదిలేశాక కూడా యర్రగొండపాలెం దాటి అడవి అంచున ఉన్న గొర్రెల కాపర్ల పల్లెలకు ఆ జీపులోనే పోయేది. దారిలో వంతెన లేని వాగు ఒకటుంది. వానాకాలంలో తొడల లోతు పారుతుంది, ఒక్కోసారి నడుము లోతు. ఆమె మొన్న మాఘమాసంలో చనిపోయింది. జబ్బు ఎక్కువ రోజులు లేదు.

"నా బండిలోకి నీళ్లు రావు," అనేది. గొప్పగా అనేది కాదు. ఉప్పు సరిపోయింది అన్నట్టు అనేది. బానెట్ కింద తీగలు అతుక్కునే ప్రతిచోటా తేనెమైనం కరిగించి, ఆముదం కలిపి, వేలితో పూసింది. ఆ మైనం కాపర్లే అడవి నుంచి తెచ్చి ఇచ్చేవారు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని టాపు కంటే ఎత్తుకు లేపించింది. వెనక హౌసింగ్ నుంచి వేలెడు లావు రబ్బరు గొట్టం ఒకటి సీటు వెనకగా పైకి తీసుకెళ్లి, టాపు కమ్మీకి కట్టి, కొసను కిందికి వంచింది. ఎందుకో ఒకసారి చెప్పింది. వేడెక్కిన ఇనుము చన్నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుపోతుంది, బయటి నుంచి ఏదో ఒకటి పీల్చుకుంటుంది. పైనుంచి గాలి అందకపోతే కిందనుంచి నీళ్లు లాక్కుంటుంది. అప్పుడు నేనేదో చదువుకుంటున్నాను. విన్నాను, బాగానే అర్థమైంది. తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఆమె కాపర్ల కోసం తెప్పించిన నట్టల మందు డబ్బాలు ఇంట్లో ఉండిపోయాయి. వానలు పడ్డాక గొర్రెలకు పేగుపురుగులు పడకుండా తాగించే మందు అది. గడువు దాటిపోతుందని భాద్రపదంలో నేనే తీసుకెళ్లాను. వాగు తొడల లోతుంది. కాపరి ఒకడు కర్రతో ముందు నడుస్తూ దారి చూపించాడు. ఇంజను ఆగలేదు. అటు పోయాను, ఇటు వచ్చాను. నీళ్లు రాలేదని నాకు సంతోషం కూడా వేసింది. ఆమె మాట నిలిచిందనుకున్నాను. ఆ పూట నీళ్లు లోపలే ఉన్నాయి.

మెకానిక్ మా ఇంటికే వచ్చి పని చేస్తున్నాడు. మార్కాపురంలో గిద్దలూరు రోడ్డు మీద అతనికి షెడ్డుంది. అయితే ఆ బండిని నడుపుకొని రావద్దని తనే పనిముట్లు తెచ్చుకున్నాడు. మా పెరట్లో నాపరాయి లాంటి పలకబండ ఒకటి పరిచి, దాని మీద జాకీ పెట్టాడు. ఆమె కూడా ఆ బండ మీదనే పెట్టేది.

"నేను డాక్టరమ్మకి అప్పుడే చెప్పినా సార్," అన్నాడు బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ. "మైనమేంది, ఆముదమేంది, ఇది బండా, కాలికి తగిలిన దెబ్బా అని. ఏమన్నదో తెల్సా? నీకన్నా గొర్రెలు నయం, చెప్పింది వింటాయి అన్నది."

"మీతో చాలా పోట్లాడేదా?"

"పోట్లాటంటే... ఎప్పుడన్నా నా మాట వినింటే పోట్లాట. వినేదే కాదు."

కాసేపు బానెట్‌లోకి చూశాడు. ఎండాకాలమంతా బండి ఎండలోనే ఉండటంతో మైనం కొన్నిచోట్ల జారి, కొన్నిచోట్ల బీటలువారి ఉంది.

"ఇదంతా గీకేస్తా. ఈ గొట్టాలూ పీకేసి, కొత్త బండి ఎట్ల వస్తాదో అట్ల చేసి ఇస్తా. మీరు వాగులో దింపకుంటే సరి. ఏమంటారు?"

వద్దనాలని ఉంది. వద్దనడానికి కారణం చూపాలి. ఆమె చేసిన పని నీళ్లు రానివ్వలేదు అన్నదొక్కటే నా దగ్గరున్న కారణం. నీళ్లు కళ్లముందు పళ్లెంలో ఉన్నాయి. ఆమె చేసింది సరైనదే అయితే ఆ నీళ్లు ఎక్కడివి? తప్పయితే అన్నేళ్లు ఎందుకు రాలేదు? మనిషి పోయాక ఆమె గురించి నాకు అనుమానం లేని సంగతులు కొన్ని మిగిలాయి. అందులో ఇదొకటి. అది కూడా పోతుందేమోనని నిలబడి ఉన్నాను.

"సరే, చూడండి," అన్నాను. అది ఒప్పుకోవడమో కాదో నాకే తెలియదు. అతను ఒప్పుకోవడమే అనుకున్నాడు. కత్తి తీసుకుని, ముందుగా సీటు వెనక గొట్టం పట్టుకున్నాడు.

అప్పుడే మా వదిన మజ్జిగ తెచ్చింది. ఆమె నా భార్యకు అక్క. ఆరో నెల గర్భంతో మా అమ్మాయి, నేను ఒక్కణ్ణే ఉన్నానని పురిటికి ముందుగానే వచ్చేస్తే, ఆమెను చూసుకోవడానికి బేస్తవారిపేట నుంచి వచ్చి ఉంటోంది.

"ఏయ్, ఏయ్! దాన్ని కొయ్యొద్దు!" అని మజ్జిగ చెంబు అక్కడే పెట్టేసి పరిగెత్తింది. "కుమ్మరిపురుగు గూడు కట్టింది దాంట్లో! కడుపుతో ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే గూడు చెరుపుతావా? నీకు పెండ్లాం పిల్లలు లేరా?"

"గూడేంది అక్కా?"

"చూడు ఆ కొస. కండ్లు లేవా?"

టాపు కమ్మీ దగ్గర వంగిన గొట్టం నోట్లో, కందిరీగ లాంటి ఆ పురుగు తెచ్చిన ఎర్రమట్టి గట్టిగా మెత్తి ఉంది. వైశాఖంలో వదిన ఇక్కడికి వచ్చినప్పుడే దాన్ని చూసింది. కుమ్మరిపురుగు ఇంట్లో గూడు పెడితే ఆ ఇంటి ఆడబిడ్డ నెల తప్పుతుందని మా వైపు అంటారు. ఆ వారంలోనే అమ్మాయి ఫోను చేసి విషయం చెప్పింది. "నేను చెప్పలా?" అన్నది వదిన. కాన్పు అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నది. నేను అట్లాంటివి నమ్మను. కానీ ముట్టుకోలేదు.

మెకానిక్ గొట్టాన్ని కొయ్యలేదు. కింద హౌసింగ్ దగ్గర దాని రెండో కొస లాగి, తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి. మళ్లీ ఊదాడు.

"గాలి పోవట్లా," అన్నాడు.

గొట్టం గురించి నా భార్య చెప్పింది అప్పుడు నాకు గుర్తొచ్చింది, పదం పదంగా. అతనికి చెప్పాను. విన్నాడు.

"దోమతెర గుడ్డ ముక్క కట్టేది సార్ ఆ కొసకి, పురుగు పోకుండా. ఎండకి చీకిపోయేదేమో, ఏటా కొత్తది కట్టేది. నేను నవ్వేవాణ్ణి, దీనికేంది పెళ్లికూతురు లెక్క ముసుగు అని." గొట్టం కొస తడిమి చూశాడు. దారం ముడి మాత్రం మిగిలి ఉంది.

"అయితే మైనం తప్పు కాదన్నట్టేగా?" అన్నాను.

"గొట్టం తప్పు కాదు. మైనం సంగతి నేను ఒప్పుకోను."

"అంటే ఇప్పుడేంది, బండి చెడగొట్టింది నేనంటారా?" అన్నది వదిన.

మా అమ్మాయి గడపలో కూచుని అంతా వింటోంది. "నువ్వు కాదులే పెద్దమ్మా, ఇదిగో, ఇది చెడగొట్టింది," అని పొట్ట తట్టి చూపించింది. "పుట్టకముందే అవ్వ బండి మీద పడింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతున్నా నాకు ఏమీ తేలలేదు. గూడు తీసేసి ఉంటే నీళ్లు వచ్చేవి కాదు. నమ్మనివాణ్ణి ఎందుకు తీయలేదు? వదినకు భయపడా? ఒకవేళ నిజమైతే అనా? నా భార్య కట్టిన గొట్టం కనుక అందులో ఏముంటే అది ఉండనీ అనుకున్నానా? ఆ ఎండాకాలం నేను జీపు మీద దుమ్ము కూడా తుడవలేదు. ఆమె వదిలినట్టే ఉంచుతున్నాననుకున్నాను. ఆమె మాత్రం ఏటా విప్పి, కట్టి, పూసి, ఎన్నడూ ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచలేదు.

గూడు చెరపకుండా, దానికి జానెడు కిందుగా గొట్టం కోశాడు మెకానిక్. ఆ ముక్కను రెండు చేతులతో వదినకు ఇచ్చాడు. "అక్కా, ఇంక దీనికి కూడా పురుడు నువ్వే పొయ్యాల." ఆమె తిట్టుకుంటూనే తీసుకుపోయి, వరండా కిటికీ కమ్మీకి కట్టింది. అతను కొత్త గొట్టం వేశాడు. ఇరుసు కొసల్లో ఆయిల్ ఆపే రబ్బరు సీళ్లు మార్చాడు. ఆయిల్ ఒకసారి పోసి, తిప్పి, దించేసి మళ్లీ పోశాడు. అమ్మాయి దోమతెర అంచు కత్తిరించి కొసకు కట్టింది.

"మైనం గీకాల్నా సార్?"

"వద్దు. ఉండనీ."

"ఉండనిస్తే సరిపోదు. బీటలు చూసినారు కదా. మళ్లా పూయాల. ఆముదం ఎంత, మైనం ఎంత అనేది ఆమెకే ఎరుక. నాకు చెప్తే నేర్చుకుంటానని చెప్పలేదేమో."

ఇంట్లో మైనం ముక్క ఒకటి దొరికింది. చిన్న గిన్నెలో కరిగించి, ఆముదం కలిపి చూశాను. మొదటిసారి జారిపోయింది. రెండోసారి ఆరగానే పెచ్చులు లేచింది. ఆ ముక్క అయిపోయింది. వాగవతల కాపరికి ఫోన్ చేశాను, వాగు తగ్గాక కాస్త మైనం తెచ్చిపెట్టమని. పనిలో పనిగా, డాక్టరమ్మ ఎంత తీసుకునేదో, దేనితో కలిపేదో మీకు తెలిసే ఉంటుంది కదా అని అడుగుదామనుకున్నాను.

నేను అడిగేలోపు అతనే అడిగాడు. "ఎంత తేవాల సార్? మేము తెచ్చి ముందర పెట్టేవాళ్లం, ఆమెనే విరుచుకొని తీసుకునేది. మీకు తెల్సుంటాది గదా?"

తెలియదు అన్నాను. ఉన్నంత తెమ్మన్నాను.