అత్తగారి పేరున్న బిందె

మా వంటింట్లో ఏ గిన్నె అంచు చూసినా మా అత్తగారి పేరే ఉంటుంది. పాలగిన్నె మీద, అన్నం వండే గుండిగ మీద, మంచినీళ్ళ బిందె మీద. కొత్తగా వచ్చినవాళ్ళు అది నా పేరనుకుంటారు. నేనూ కాదనను. కాదంటే కథంతా చెప్పాలి. పాప నిద్రపోయింది, రేపటి పాఠాలు చూసుకోవడం అయింది కనుక ఇవాళ ఆ కథ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నా పెళ్ళయింది. మా వైపు ఆడపిల్లకిచ్చే సామాను మీద పేరు చెక్కించి పంపుతారు, పిల్ల పేరో, తండ్రి పేరో. మా నాన్నగారు మాత్రం అమలాపురంలో కొన్న ప్రతి గిన్నె మీదా అల్లుడి పేరు చెక్కించారు. అల్లుడంటే ఆయనకు అంత మురిపెం. అమ్మ గొణిగితే, "పిల్లా సామానూ వెళ్ళేది ఒకింటికేగా" అన్నారు. అమ్మ పట్టుబట్టి ఒక్క మజ్జిగ గ్లాసు మీద నా పేరు వేయించింది.

ఆరేళ్ళకు మావారు కాకినాడలో మరో ఇల్లు పెట్టుకున్నారు. దాని గురించి ఇంతకన్నా రాయను. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటా అద్దెకు మాట్లాడుకున్నాను. అన్నయ్య తన ఇంటికి వచ్చెయ్యమన్నాడు. వెళితే వదిన వండింది తిని, పాపకు రెండోసారి పెరుగు వేయడానికి కూడా ఆమె ముఖం చూడాలి. నాకు నా పొయ్యి కావాలి. అయితే జీతం అద్దెకూ పాలకూ సరిపోతుంది తప్ప గిన్నెలకు మిగలదు. అత్తవారింట్లో ఉన్న నా సామాను వస్తేనే ఆ పొయ్యి వెలిగేది.

పంపకాలు మామిడికుదురు దగ్గర ఉన్న మా అత్తవారింట్లోనే, వసారాలో జరిగాయి. పెద్దమనిషి మావారి చిన్నాన్నగారు. నా బంగారం ఎప్పుడో మావారు కొన్న లారీ వాటాకు పోయింది, ఆ లారీ కూడా లేదు. కొబ్బరితోట కాలం చేసిన మా మామగారి పేరు మీదే ఉంది, దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఇక మిగిలింది సామాను.

"గొడవెందుకండీ బావగారూ, ఎవరి పేరున్న సామాను వాళ్ళది. అంతే కదండీ?" అన్నారు చిన్నమావగారు.

"ఆయ్" అనేశారు నాన్నగారు. అన్న తర్వాత గుర్తొచ్చింది కాబోలు, ముఖం పాలిపోయింది.

గిన్నెలు ఒక్కొక్కటే బయటికి తెచ్చారు. అల్లుడి పేరు, అల్లుడి పేరు, మళ్ళీ అల్లుడి పేరు.

"అవి నేను కొన్నవేనండీ. పేర్లు కూడా నేనే వేయించేను" అన్నారు నాన్నగారు.

"కొన్నది మీరేనండి, ఎవరు కాదన్నారు? పేరు మాత్రం మావాడిదండి."

"నయం, పాప నుదుటి మీద కూడా చెక్కించేరు కాదు" అన్నారు పక్కన కూర్చున్నాయన. ఇద్దరు నవ్వారు. నాన్నగారు తల దించుకుని తువ్వాలు మడతపెట్టుకుంటూ కూర్చున్నారు. నా ముందు ఒక్క మజ్జిగ గ్లాసు ఉంది.

అప్పటిదాకా తలుపు చాటున నిలబడ్డ మా అత్తగారు లోపలికి వెళ్ళి, అటక మీద సామాను దింపించారు. మొదట ఒక బిందె తెచ్చి నా ముందు పెట్టారు.

"అమ్మాయ్, నాకు చదువు రాదు. ఇదెవరి పేరో చదువు."

చూస్తే ఆవిడ పేరే. ఆవిడ పుట్టింటివాళ్ళు వేయించింది. అత్తగారి పేరు కోడలు నోటితో పలకదు కదా, ఆరేళ్ళలో నేనూ ఒక్కసారి పలకలేదు. అక్షరాల మీద వేలు పెట్టి ఆవిడ వైపు చూశాను.

"బీయే చదివేవుగా, చదవవే!"

నెమ్మదిగా చదివాను.

"గట్టిగా చదువు. మీ చిన్నమావగారికి చెముడు."

గట్టిగా చదివాను. బిందె తర్వాత గుండిగ, గంగాళం, కంచుగిన్నెలు, చెంబులు. అన్నిటి మీదా ఆ పేరే.

"అయితే ఇవి నావేనా మరిదిగారూ?"

"మీవేనండి వదినగారూ, అందులో అనుమానమేంటండీ?"

"నావైతే నా ఇష్టం కదండీ. అన్నయ్యగారూ, బండెక్కించుకోండి" అన్నారు మా నాన్నగారితో.

గోడవార కూర్చున్న మావారు లేచి నిలబడ్డారు. "ఏంటమ్మా ఇది! రేపట్నించి నువ్వు దేంట్లో వండుకుంటావు?"

"నీ పేరున్నవి బోల్డున్నాయిగా. వాటిల్లో వండుతాను. నీకూ పెడతాను, కూర్చో."

నాన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని బండివాణ్ణి కేకేశారు.

ఆ సామానుతోనే నా పొయ్యి వెలిగింది. కాని చాలాకాలం నాకు స్థిమితం లేదు. నా మూలాన ఆవిడ ఇంట్లో ఎన్ని మాటలు పడుతున్నారో అని దిగులు. ఎవరైనా వచ్చి సామాను తిరిగి అడుగుతారేమోనని, తలుపు చప్పుడైతే ముందు బిందెవైపు చూసేదాన్ని. ఒకరోజు నిజంగానే తలుపు చప్పుడైంది. చూస్తే ఆవిడే, సంచీ నిండా కొబ్బరికాయలతో బస్సు దిగి వచ్చారు.

"అత్తయ్యగారూ, నాలుగు డబ్బులు కూడబెట్టి కొనుక్కుంటాను. మీ సామాను మీరు తీసుకెళ్ళండి" అన్నాను.

"మీ నాన్నగారి గుండిగలో అన్నం ఎంత పొడిగా వస్తుందో నీకేం తెలుసు? అది నేనివ్వను" అన్నారు. "నీ సామాను నా దగ్గరుంది, నా సామాను నీ దగ్గరుంది. సొట్టలు పడకుండా చూసుకో, అంతే."

ఆ రోజు ఆవిడకు ఆవిడ గుండిగలోనే వండిపెట్టాను. పాప పక్కన కూర్చుని, కొత్తగా వచ్చిన అక్షరాలతో చెంబు మీద పేరు కూడబలుక్కుని పైకి చదివేసింది. నేను కసరబోయాను. ఆవిడ పాప వేలు పట్టుకుని, "మళ్ళీ చదవ్వే, ఎక్కడ మొదలవుద్దో చూపించు" అన్నారు.

ఇప్పటికీ నాకు భయాలు తక్కువేం కాదు. స్కూల్లో ఉద్యోగం పర్మనెంటు కాలేదు, వచ్చే ఏడాది అద్దె పెంచుతారట. కాని పొద్దున్నే ఆ బిందె ఎత్తుకున్నప్పుడు, నా వెనక ఒక మనిషి ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది.

పోయిన నెల నా జీతంతో మొదటిసారి ఒక స్టీలు క్యారేజీ కొన్నాను. కొట్టతను, "పేరేమని వెయ్యమంటారండీ?" అన్నాడు. నా పేరు నోటిదాకా వచ్చింది. ఇంట్లో గిన్నెలన్నీ ఒక వరసలో ఉంటే బాగుంటుందనిపించింది. అత్తగారి పేరు చెప్పాను. గట్టిగానే చెప్పాను.