నల్ల బానెట్ మీద పీచు గీతలు

దసరా మరునాడు, శుక్రవారం ఉదయం ఆరున్నరకు నేను ఆ కారును పీచుతో తోమాను. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు.

కారు నాది కాదు. కొత్తపేటలో మా ఇంటి పై అంతస్తులో అద్దెకుండే అమ్మాయిది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతుంది. మూడేళ్లు జీతం దాచి కొన్న నల్ల కారు, వచ్చి పదకొండు రోజులైంది. పెద్దదాన్నని దసరా పూజ నాచేత చేయించింది. బానెట్ మీద పసుపు ముద్దతో స్వస్తిక వేసి కుంకుమ బొట్లు పెట్టాను. తెల్లారేసరికి అవి గట్టిపడ్డాయి. మరక పడుతుందని, ఆమె లేవకముందే తోమేశాను.

ఎనిమిదింటికి ఎండ పడింది. బానెట్ నిండా సన్నటి గుండ్రని గీతలు, నా చేయి తిరిగినట్టే.

నేనే పైకి వెళ్లి చెప్పాను. ఆమె వచ్చి చూసి, బండి అన్నాక గీతలు పడతాయి, ఏం కాదంది. ఖర్చు నాదన్నాను. వద్దంది. ఇదే మాట నాలుగు రోజులు. ఐదో రోజు, మంగళవారం, ఆమెకు క్లాసులు లేని పూట చూసి ఎల్‌బీ నగర్‌లోని ఒక పాలిష్ షాపుకు బయల్దేరదీశాను.

షాపతను రంగు మందం కొలిచే చిన్న మీటరును బానెట్ మీద ఐదు చోట్ల ఆనించాడు. గీతలు తీసే పాలిష్, అతని మాటల్లో పెయింట్ కరెక్షన్, బండి మొత్తానికి పద్నాలుగు వేలు, బానెట్ ఒక్కదానికి మూడు వేల రెండు వందలు అన్నాడు. దేనికెంతో విడివిడిగా చెప్పమన్నాను. కూడితే రెండు వేల తొమ్మిది వందలే వచ్చింది. మిగతా మూడు వందలు ఏమిటని అడిగాను.

"బేరానికి పెట్టుకున్న అమ్మా. మీరు బేరం చెయ్యకుండ లెక్క చేస్తున్నరు."

పాలిష్ అంటే గీతను పూడ్చడం అనుకున్నాను. కాదట. గీత లోతు వరకు చుట్టూ ఉన్న పై పొరను అరగదీసి సమం చేస్తారు. అందుకే పదేపదే చేయించకూడదు. లైటు దగ్గర పెట్టి చూపించాడు. సన్నవన్నీ పోతాయి. ఒక్కటి మాత్రం పోదు, దానికోసం అరగదీస్తే రంగే పోతుంది. అది పసుపు ముద్ద రాకపోతే నేను గట్టిగా నొక్కిన చోటు.

అమ్మాయి ఆ గీత మీద గోరు పెట్టి చూసింది.

"ఆ రోజు పైకి పొయ్యి ఏడ్చిన అమ్మమ్మా. మీకు చెప్పలే."

"చెప్పాల్సింది."

"చెప్తే ఏం జేద్దురు? కొత్త కారు కొనిస్తనందురు." గీత మీంచి గోరు తీసింది. "బానెట్ చేయించుండ్రి. పైసలు మీరే కట్టుండ్రి."

కట్టాను. పని రెండున్నర గంటలు పట్టింది. లోపల యంత్రం తిరుగుతుంటే ఇద్దరం బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆ కారు కోసం ఏమేం మానుకుందో ఆమె అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ముందు ఊరికి వెళ్లడం, తర్వాత కళ్లజోడు మార్చుకోవడం, ఆ పైన ఎం.ఎస్సీ. చివరి ఏడాది ఫీజు.