ముఖం తిప్పుకున్న చక్రవర్తి

కంసాలి మెరిల ఒకసారి ఈగకు ముక్కుపుడక చేశాడట. అది పెట్టుకుని ఎగిరిపోతే, వెంటపడి శీల బిగించి మరీ వచ్చాడట. రోమా సరిహద్దు నదికి ఇవతలి ఒడ్డున ఉండే గోత్ జాతివాళ్లలో ఇది నమ్మనివాణ్ణి నేను చూడలేదు. అంతటి పనివాడూ రోమా చక్రవర్తి ముఖం దగ్గర బోల్తా పడ్డాడు.

దొర ఫ్రిథరీక్ అరిగిపోయిన రోమా వెండి నాణెం ఒకటి చేతిలో పెట్టి, అచ్చం ఇలాంటివి కొట్టమన్నాడు. అవతలి ఒడ్డు ఉప్పు బేరగాళ్లు మారుమాట లేకుండా తీసుకుంటే విందులో తన పక్కన పీట. లేదంటే మళ్లీ గుర్రపు జీను కొక్కేలే. ఇరవై ఏళ్లు కొక్కేలు కొట్టి కొట్టి విసిగిన మెరిలకు ఆ పీట కలలోకి కూడా వచ్చేది.

నాణెం మీద ఎలా ఉందో ఇనప అచ్చు మీద అలాగే చెక్కాడు. అక్షరాలు రావు కాబట్టి వాటిని కంచె పుల్లల్లా పేర్చాడు. తొంభై నాణేలు కొట్టాడు. ఉప్పు బేరగాడు ఒకటి తిప్పి చూసి, "మీ చక్రవర్తి నా మీద అలిగాడా? అటు తిరిగి కూచున్నాడేంటి?" అని విసిరేశాడు.

మెరిల సుత్తి మార్చాడు. ఎడమచేత్తో కొట్టాడు. కింద ఇనప దిమ్మ, దాగలి, అదీ తిప్పి పెట్టాడు. చక్రవర్తి తిరిగితేగా! మూడు నెలలు కొలిమి దగ్గరే గడిచిపోయాయి.

ఓ పూట భార్య గుదెలివ రొట్టె మీద చెక్క ముద్ర నొక్కుతూ అంది: "ముద్రలో పిట్ట తలుపు వైపు చూస్తుంది, రొట్టె మీద పొయ్యి వైపు చూస్తుంది. పన్నెండేళ్లుగా తింటున్నావు, ఎప్పుడూ చూళ్లేదా మావా?"

రొట్టె అక్కడే వదిలేసి లేచాడు. ఈసారి అచ్చు మీద ముఖాన్ని కుడిఎడమలు తిరగేసి చెక్కాడు. ఉప్పు బేరగాడు కిక్కురుమనకుండా తీసుకున్నాడు. మెరిల గాల్లో తేలుతూ దొర దగ్గరికి పోయాడు.

ఈలోగా పనికిరాని ఆ తొంభై నాణేలకూ జనం బెజ్జాలు పెట్టి మెళ్లో వేసుకున్నారు. అందులో ఒకటి వేసుకుని పోట్లాటకు పోయినవాడొకడు గీత కూడా పడకుండా తిరిగొచ్చాడు. ఇక చక్రవర్తి రోమాకు వీపు పెట్టి మనవైపు తిరిగాడని ఊరంతా ఒకటే మాట. దొర మెళ్లోనూ అదే.

కొత్త నాణెం చూసి దొర మొహం చిట్లించాడు. "ఇది రోమావాళ్లదిలా ఉందిరా. నాకు నీ చేతిపనే కావాలి. పాత అచ్చుతో ఇంకో రెండొందలు కొట్టు."

"దొరా, అది తప్పు."

"తప్పో ఒప్పో నాకెందుకు? పీట వేయించాను, కూచో."

విందులో మెరిల దొర పక్కనే కూచున్నాడు. సరైన నాణెం పిడికిట్లో నలుగుతోంది. ఎదురుగా ఎవరి మెడ చూసినా అటు తిరిగిన ముఖమే. గుదెలివ మెడలో అయితే రెండు.