రిపోర్టు బాగానే వచ్చింది

మా వైపు ఎవరైనా నాలుగు రోజులు నీరసంగా పడుకుంటే జ్వరం ఉందా అని అడగరు. "కిడ్నీ టెస్టు సేయించేరా?" అంటారు. ఉద్దానంలో బతికేవాళ్ళకి ఆ మాట నాలిక చివరే ఉంటుంది. మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది, నా పెళ్ళికి రెండేళ్ళ ముందు. అందుకే నా తొలి కాన్పు పుట్టింట్లో కాక అత్తారింట్లో జరిగింది. అత్త అంటే మా నాన్నకి సొంత చెల్లెలే. నన్ను ఏనాడూ పైదానిగా చూడలేదు.

పాప పుట్టి నెల దాటినా నాకు మంచం దిగాలనిపించలేదు. దిగమంటే దిగేదాన్ని, స్నానం చెయ్యమంటే చేసేదాన్ని. పాపని ఒళ్ళో పెడితే పాలిచ్చేదాన్ని. పాలు తాగాక ఎవరైనా వచ్చి ఎత్తుకుపోతే బాగుండునని గుమ్మం వైపు చూసేదాన్ని. అత్త బాలింతలకిచ్చే కాయం ముద్ద నోట్లో పెట్టేది, చెవుల్లో దూది దోపేది, తలకి సాంబ్రాణి పొగ వేసేది. "ఓలే గుంటా, పిల్ల నవ్వుతంది సూడవే," అనేది. చూసేదాన్ని. పక్కింటివాళ్ళ పిల్ల నవ్వినట్టుండేది. ఆ నవ్వు నాకు తగలాలని, మా అమ్మకి నామీద ఉన్నటువంటి ప్రేమ నాలో ఏ మూల నుంచైనా లేవాలని ఎంత ఎదురుచూశానో! ఎవరితో చెప్పను? కన్నబిడ్డ మీద మనసు పోవడం లేదంటే వినేదెవరు? అమ్మ ఉంటే వినేది. కొబ్బరి కోరుకుంటూ, నా మొహం చూడకుండానే "ఊ, సెప్పు" అనేది. ఆ "ఊ" కోసం ప్రాణం కొట్టుకునేది.

తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, మొహం ఉబ్బింది. అత్తకి భయం పట్టుకుంది. మా బావ, అంటే నా మొగుడు, పలాస తీసుకెళ్ళి టెస్టుకి రక్తం ఇప్పించాడు. సాయంత్రానికి కాగితం వచ్చింది. అన్నీ బాగున్నాయి.

"ఇంత సక్కటి రిపోర్టు మనూర్లో ఎవులికొచ్చింది? ఫ్రేము కట్టించి గోడకెట్టాల," అన్నాడు బావ.

అత్త గుమ్మంలో కొబ్బరికాయ కొట్టింది. "బతికించేవు తల్లీ! నీకేటీ నేదే గుంటా. ఇంక లేసి తిరుగు."

వాళ్ళ సంతోషం చూడలేక గోడవైపు తిరిగి ఏడ్చాను. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను, ఆ రిపోర్టు చెడ్డగా వస్తే బాగుండుననుకున్నాను. ఆ జబ్బుకి మా ఊళ్ళో అందరికీ దారి తెలుసు. ఏ ఆటో ఎక్కాలో, ఏ గది ముందు కూర్చోవాలో, ఏది తినకూడదో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నాదానికి పేరే లేదు. కాగితం బాగున్నాక ఇంకా పడుకుంటే అది బద్ధకమే.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళాం. సూది పడగానే పాప గుక్కపట్టింది. నేను కదల్లేదు. అత్తే ఎత్తుకుని సముదాయించింది. నర్సమ్మ పాపని వదిలేసి నా వైపు చూసింది.

"ఏటమ్మా, మనసెలా ఉంది?"

అంతవరకూ అందరూ తిన్నావా అనే అడిగారు. పక్కనున్న బల్లమీద కూలబడి ఏడ్చాను. అత్త కంగారుపడి, "రిపోర్టు బాగుందమ్మా, కాగితముంది," అంది.

"ఇది కిడ్నీ కాదు పిన్నీ. కాన్పయ్యాక కొందరికి మనసుకొస్తాది. టెక్కలిలో డాక్టరున్నారు. ఆయన దగ్గిరే కూకోబెట్టి మాటాడించే మేడం కూడా ఉంది."

"మాటాడ్డానికి టెక్కలెందుకు? ఇంట్లో మేం నేమా?"

అత్త మనసు నొచ్చుకుంది. అయినా ఇంటికొచ్చాక బావతో తనే చెప్పింది. "రేపు టెక్కలి తీసుకెల్లు. నాతో సెప్పనేదు, ఆయమ్మకైనా సెప్తాదేమో."

డాక్టరు మాత్రలు రాసి పక్కగదికి పంపారు. లోపలికి వెళ్ళగానే సంచిలోంచి రిపోర్టు తీసి బల్లమీద పెట్టాను. ఏ ఆసుపత్రిలోనైనా మా పద్ధతి అంతే, కాగితమిచ్చి నోరు మూసుకుంటాం. ఆ మేడం అది చదివి, మడిచి, నా చేతికే ఇచ్చింది. "ఇది బాగుంది. ఇప్పుడు నువ్వు చెప్పమ్మా."

కాగితం లేకుండా ఎలా చెప్పాలో నాకేం తెలుసు? రెండు వారాలు మా ఊరి ఆడవాళ్ళం చేసే జీడిపప్పు పొట్టు తీసే పని గురించే చెప్పాను. మూడోసారి, కిటికీ వైపు చూస్తూ, "నా బిడ్డంటే నాకు ఇష్టం లేదండి," అనేశాను. తిడుతుందనుకున్నాను.

"ఇష్టం రావాలని ఉందా?" అంది.

"ఉందండి. దానికోసమే కదా ఇంతదూరం వస్తన్నాను."

"మాత్రలు మానకు. వారం వారం రా," అంది.

ఏడోసారి వెళ్ళిన రోజు వాన. పాపని అత్త దగ్గర వదిలి బావా నేనూ వెళ్ళాం. తిరిగొచ్చే బస్సులో, పలాస ఇంకా రాకముందే, రవిక తడిసింది. పాలు. వాటితోపాటే పాప మెడ దగ్గర వాసన గుర్తొచ్చింది. ఆ వాసన నాకు తెలుసని అప్పటిదాకా నాకే తెలీదు. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో బస్సు దిగి ఆటో ఎక్కితే, ఇంకో ఇద్దరొస్తేగాని కదలనన్నాడు ఆటో అతను.

"ఎవులికోసమూ ఆగొద్దు, పోనీ బాబూ," అన్నాను.

బావ నవ్వాడు. "ఏటే అంత తొందర? పొయ్యిమీద ఏటైనా ఎట్టొచ్చేవా?"

"పిల్లనెట్టొచ్చేను."

బావ ముందుకి వంగి ఆటో అతని భుజం తట్టాడు.

ఇంటికి చేరేసరికి పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. చెయ్యి చాపబోతే అత్త ఆపేసింది. "లేపకే గుంటా, ఇప్పుడే కన్నంటుకుంది."

తడిచీరతోనే ఉయ్యాల పక్కన కూర్చున్నాను. పాప ఒకసారి పెదవులు కదిలించింది, లేస్తుందనుకున్నాను. లేవలేదు. వాన తగ్గింది, అత్త దీపం పెట్టింది. అది కళ్ళు ఎప్పుడు తెరుస్తుందా అని నేను చూస్తూనే ఉన్నాను.