రొట్టె ముట్టని ఆదివారం

హెలికాప్టర్ మమ్మల్ని ఎర్రమట్టి గుట్ట మీద దింపింది. ఆఫ్రికాలో శాంతిసేన డ్యూటీ. వాన. మడమలు దాటిన బురద. గుట్ట మీద ఇసుక బస్తాల బంకరు, కింద ఊరు, ఊరి మధ్య రేకుల చర్చి. ఆర్డరు ఒక్కటే: మన మీద కాలిస్తేనే కాల్చాలి.

రేడియో ఆపరేటరుది జగ్గయ్యపేట, నాది నందిగామ. "మీ ఊరి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము తిని పెరిగావు, నీ బుర్ర గట్టిపడకుండా ఎట్టా ఉంటుందిరా?" అనేవాణ్ణి. "నీకు బుర్రుంటే పదో తరగతి దాటేవాడివి బావా" అనేవాడు.

ఆ ఊరిని ఒక ముఠా నాయకుడు ఏలేవాడు. సంత రోజున తుపాకులతో దిగి ధాన్యం ఎత్తుకుపోయేవాడు. ఎదురు చెప్పినవాడి చెయ్యి నరికించేవాడు. ఊరి కుర్రాళ్ళు వాడి కోసం కత్తులు నూరుకున్నారు. చర్చి పాస్టరు ఆపాడు. ముసలాయన. నా మెళ్ళో సిలువ చూసి తరచూ గుట్టెక్కి వచ్చేవాడు. ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషే, అందుకే బాగా అర్థమయ్యేది.

"వాణ్ణి చంపితే పాపమా అయ్యగారూ?" అని అడిగాను.

"చంపాక వాడి కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

"ముందు కుర్చీ ఖాళీ చేద్దామండి."

నవ్వాడు. తల మాత్రం అడ్డంగా ఊపాడు.

ఒక ఆదివారం ముఠా చర్చి మీదికి వచ్చింది. కుర్రాళ్ళు కత్తులు ఎక్కడ దాచారో చెప్పమని నాయకుడు పాస్టరుని మెట్ల మీదికి ఈడ్చాడు. వాడి ఛాతీ నా గురిలో ఉంది. వాన ఆగింది. గాలి లేదు. చెట్టున కాయ కోసినంత తేలిక.

"కాల్చనా? అడుగు!"

ఆపరేటరు పైవాళ్ళని అడిగాడు. "ఆగమంటున్నారు బావా."

"మళ్ళీ అడగరా!"

"మన మీద కాల్చలేదుగా అంటున్నారు." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సిమెంటు కూడా కరిగింది.

పాస్టరు నోరు విప్పలేదు. నాయకుడు కాల్చేశాడు. ఆయన అంగీ అంచుతోనే బూటు తుడుచుకుని, మా గుట్ట వైపు చెయ్యి ఊపి వెళ్ళాడు.

నా వేలిని ఆపింది ఆర్డరా, ఆయన కుర్చీ మాటా? రెండింటి మీదా నాకు కోపమే.

డ్యూటీ ముగిసి నందిగామ వచ్చాను. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, క్రీస్తు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. పగ ఉన్నవాడు రొట్టె ముట్టకూడదు, క్షమించి రావాలి. రొట్టె ప్లేటు వస్తుంది. పక్కవాడికి అందిస్తాను.

"ఇంకెన్నాళ్ళురా? క్షమించెయ్యి" అంటుంది అమ్మ.

"ముందు వాణ్ణి చావనీయమ్మా, తీరిగ్గా క్షమిస్తా."

అమ్మ నవ్వదు. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటాను. ఆ మెట్లు, ఆ ఛాతీ, వాడి చొక్కా రెండో గుండీ. నా వేలు దానంతటదే వంగుతుంది.