అక్కర తీరినా ఇవ్వని మెషిన్

ఆ రోజు డ్యూటీ సగంలో ఉండగా తెగిన పోగు కట్టడానికి వంగాను. మళ్లీ లేవడానికి ఊపిరి చాలలేదు. సూరత్‌లో, ఖటోదరా కార్ఖానాలో ఇరవై ఆరేళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ణి. అలా ఎన్నడూ కాలేదు. ఎండదెబ్బ అనుకున్నాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్ అది. డిండోలిలో మా ఇంటికి చేరేసరికి నా భార్య భాగ్య కూడా కాలిపోయే జ్వరంతో పడుకుని ఉంది.

ఇద్దరికీ పాజిటివ్. మూడో రోజుకు నా ఆక్సిజన్ సాచురేషన్ ఎనభై ఆరు, ఆమెది ఎనభై తొమ్మిది. మా అమ్మాయి సుజాత నాలుగు ఆసుపత్రులు తిరిగి ఒకచోట రెండు బెడ్లు సంపాదించింది. నన్ను కింది వార్డులో, భాగ్యను పై అంతస్తులో ఉంచారు. నా సీటీ స్కోర్ ఇరవై ఐదుకు పద్దెనిమిది, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి అన్నారు. స్టెరాయిడ్లు, ఇంజెక్షన్లు, ముఖం నిండా మాస్క్. గంటల తరబడి బోర్లా పడుకోబెట్టేవారు. పైన మా ఆమె ఎలా ఉందని రోజూ నర్సును అడిగేవాణ్ణి. "ఠీక్ హై, కాకా" అనేది. ఎనిమిదో రోజు తర్వాత ఆ మాట అంటూ నా ముఖం చూడటం మానేసింది. నాకు అర్థమైంది. అయినా అడగడం మానలేదు.

పదిహేడో రోజు డిశ్చార్జ్ చేశారు. గేటు దగ్గర సుజాత ఒక్కతే నిలబడి ఉంది.

"అమ్మ పోయి తొమ్మిది రోజులైంది బాపూ. డాక్టర్లు నీకు చెప్పొద్దన్నరు. నన్ను గూడ దూరంకెల్లే చూడనిచ్చిన్రు."



నా ఊపిరితిత్తుల్లో ఫైబ్రోసిస్, గట్టిపడిన మచ్చలు, మిగిలింది. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాలన్నారు. మా కులసంఘం వాళ్లు ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మెషిన్ తెచ్చి, అక్కర తీరాక ఇంకొకరికి ఇవ్వమని చెప్పి వెళ్లారు. మూడు వారాలకు చెకప్‌కు వెళ్లాను. డాక్టరమ్మ మన తెలుగావిడే, విజయవాడ వైపు మనిషి. ఆరు నిమిషాలు నడిపించి వేలికి ఆక్సీమీటర్ పెట్టింది.

"నడిచాక కూడా తొంభై ఐదు ఉంది. ఇక మెషిన్ ఆపేయొచ్చండి."

"ఇంకొన్ని రోజులు పెట్టుకుంటనమ్మా."

"అక్కర్లేదండి. ఇప్పుడు మీకున్నది భయం. దానికి ఆక్సిజన్ పనిచేయదు."

ఇంటికి రాగానే మళ్లీ ముక్కుకు గొట్టం తగిలించుకున్నాను. భాగ్య పోయింది. పనికి పోయే సత్తువ పోయింది. నా చేతిలో మిగిలింది ఆ మెషిన్ ఒక్కటే అనిపించేది.

ఆ వారంలోనే ఎదురింటి సత్తెమ్మ వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఆమె భర్త మల్లేశం, నేను ఒకే కార్ఖానాలో పనిచేసేవాళ్లం.

"అన్నా, మా ఆయినకు దమ్ము ఆడుతలేదు. ఎనభై ఎనిమిది సూపిస్తున్నది. బెడ్డు దొరికేదాంక జర ఆ మిషిన్ ఇయ్యే."

"నాకే సాలుతలేదు చెల్లె" అన్నాను.

గొట్టం ముక్కుకే ఉంది కదా, నమ్మింది. "నువ్వు పైలం అన్నా" అని వెళ్లిపోయింది.

సుజాత వంటింట్లోంచి వచ్చింది. "డాక్టర్ బంద్ చెయ్యమన్నది గదా బాపూ?"

"నువ్వు ఊకో" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి మల్లేశానికి బెడ్ దొరికింది. నాలుగు రోజులకు పోయాడు.

మళ్లీ చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు జరిగింది చెప్పి, ఆ ఒక్కపూట మెషిన్ ఇచ్చి ఉంటే బతికేవాడా అని అడిగాను. "చెప్పలేనండి. ఇచ్చినా బతికేవాడు కాదేమో" అంది. ఆ "ఏమో" నన్ను ఇంతవరకు వదల్లేదు.

అదే రోజు మెషిన్ ఫిల్టర్ కడిగి, కొత్త గొట్టం వేసి, పక్క గల్లీలో ఊపిరాడక పడుకున్న ఒక టైలర్ ఇంటికి తీసుకెళ్లాను. సీసాలో నీళ్లు ఎంతవరకు పోయాలో, ఎన్ని లీటర్లకు తిప్పాలో దగ్గరుండి చూపించాను. ఇంటికొచ్చాక రెండు రోజులు గోడకు ఆనుకుని, నా ఊపిరి నేనే వింటూ కూర్చున్నాను. ఆగలేదు. ఆ తర్వాత ఆ మెషిన్ ఐదిళ్లు తిరిగింది. ముగ్గురు లేచారు. ఇద్దరు లేవలేదు.

మల్లేశం దినాలు అయ్యాక సత్తెమ్మ దగ్గరికి వెళ్లాను. కూలికి తెచ్చిన చీరకు తళుకు రాళ్లు అతికిస్తోంది.

"నాకు అక్కర లేకుండె చెల్లె. అబద్ధం చెప్పిన."

ఆమె తల ఎత్తలేదు. "ఇప్పుడు చెప్పి నీ బరువు నా మీద పెడుతున్నవా అన్నా?"

క్షమించానన్న మాట ఆమె నోటి నుంచి వస్తుందని ఏడాది ఎదురుచూశాను. తర్వాత అదీ వదిలేశాను. ఆమె దుఃఖంలోంచి నాకు ఊరట అడగడం తప్పనిపించింది.

దూదిపొట్టు పడదని డాక్టర్లు సాంచాల పని మాన్పించారు. ఇప్పుడు సలాబత్‌పురాలో ఒక దుకాణంలో చీరలు మడత పెడుతున్నాను. మెట్లెక్కితే మధ్యలో ఒకసారి ఆగుతాను. సెలవు రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి, గుజరాతీ రాని మనవాళ్ల పక్కన కూర్చుని డాక్టర్లు చెప్పింది తెలుగులో చెబుతాను. దానితో మనసు తేలికవుతుందని చెప్పను. ఆ కాసేపు నా గురించి ఆలోచించను, అంతే.

చదివేవారికి ఒక్క మాట చెప్పాలి. కాన్సంట్రేటర్ కానీ, వాకర్ కానీ, వీల్‌చైర్ కానీ, ఇక అక్కర్లేదని డాక్టర్ చెప్పిన రోజే శుభ్రం చేసి ఇంట్లోంచి పంపేయండి. ఎవరో వచ్చి అడిగేదాకా ఉంచుకోకండి. అడిగినప్పుడు మన నోటి నుంచి ఏ మాట వస్తుందో మనకే తెలియదు.