పదిహేడో నంబర్ ఎవరు పలికారు?

దయ్యాలనూ ఆత్మలనూ నేనెప్పుడూ నమ్మలేదు. హసన్‌పర్తిలో లెక్కల సారుగా చేసి రిటైరైనవాణ్ని. పునరుత్థానం మీద నమ్మకం కూడా నాకు ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకానే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆవిడ కరుణకు ఒకటే కోరిక. మోషే నిలబడి వాగ్దాన దేశాన్ని చూసిన నెబో కొండ ఎక్కాలి. పదకొండేళ్లు అడిగింది. పదకొండుసార్లూ ‘వచ్చే ఏడు’ అన్నాను. చివరికి మా చర్చి యాత్రలో ఇద్దరి పేర్లూ రాయించాను. ప్రయాణం ఇంకో నెల ఉందనగా దవాఖానలో పోయింది.

ఊరందరి పిల్లలకూ లెక్కలు చెప్పాను గానీ ఇంట్లో మనిషిని లెక్కచేయలేదు.

పాస్టరుగారు బలవంతపెడితే ఒక్కణ్నే వెళ్లాను.

జోర్డాన్‌లో రెండో రోజు. పొద్దున ఎడారి ఊళ్లు చూసి, ఆ తర్వాత నెబో ఉన్న కొండల్లోకి. బస్సెక్కిన ప్రతిసారీ పాస్టరుగారు కాగితం పట్టుకుని లెక్క తీసేవారు. ఎవరి నంబర్ వాళ్లు పలకాలి. నాది పదిహేడు, కరుణది పద్దెనిమిది. ఆమె నంబర్ ఎవరికీ ఇవ్వలేదు. నేను పదిహేడనగానే ఆయన “పద్దెనిమిది ప్రభువు దగ్గర” అనేవారు. గౌరవంగానే అనేవారు. కానీ రోజుకు ఆరేడుసార్లు వినాల్సి వచ్చేసరికి నాకు బస్సెక్కాలంటేనే భయం పట్టుకుంది.

మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్లో ఆగాం. దుకాణం వెనక గోడ నీడలో సిగరెట్ వెలిగించాను. చర్చి దగ్గరా నాది ఇదే అలవాటు. పాస్టరుగారు “సారేడమ్మా?” అంటే కరుణ లోపల్నుంచే “ఉన్నడు, వస్తాండు” అనేది. ఒక్కోసారి నేను లోపలికే వెళ్లేవాణ్ని కాదు.

సిగరెట్ అయ్యాక ముందుకొచ్చి చూస్తే బస్సు లేదు.

నా ఫోన్ అక్కడ పనిచేయదు. దుకాణం ముసలాయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. కుర్చీ వేసి నీళ్లిచ్చాడు. రెండు గంటలు కూర్చున్నాను. దూరంగా వరసగా కొండలు. నెబో ఏదని సైగలతో అడిగితే, నేను వేలు చూపిన ప్రతి కొండకూ తలూపాడు.

బస్సు తిరిగొచ్చింది. పాస్టరుగారు ఉరికొచ్చారు.

“ఏంది సార్ ఇది? పదిహేడు పలికిండ్రు గద! నేను టిక్కు గూడ పెట్టిన.”

“నేనేడ పలికిన? ఈడనే కూసున్న.”

నా వెనక సీటు శాంతమ్మది. పరకాల మనిషి. ఎయిర్‌పోర్టులో కలిసింది, కరుణను ఎన్నడూ చూసి ఎరగదు.

“పలికింది సారు గాదు అయ్యగారూ, ఆడిమనిషి” అంది. “నా ముంగట్నుంచే ఇనొచ్చింది. ‘పదిహేడు... ఉన్నడు, వస్తాండు’ అన్నది. సారు వెనక డోర్ల ఎక్కుతాండేమో అనుకున్న.”

ఆమె ముంగట ఉన్నవి రెండే సీట్లు. నాదీ, ఖాళీదీ.

నెబో మీద అందరూ ప్రార్థన చేసుకుని ఫొటోలు దిగారట. నేను కనబడకపోతే ఏ మూలో పొగ తాగుతున్నాననుకున్నారట. అంతటి మంచిపేరు నాది. దిగొచ్చి బస్సెక్కాక మళ్లీ లెక్క తీస్తే, పదిహేడు దగ్గర ఎవరూ పలకలేదు.

“జర వాపస్ పోదామా? పది నిమిషాలు చూసొస్త” అని బతిమాలాను. ఈపాటికి గేటు మూసేసుంటారన్నాడు గైడు. దేవుడు మోషేకు కొండ మీద నుంచి దేశాన్నైనా చూపించాడు. నాకు ఆ కొండ కూడా దక్కలేదు.

తర్వాత బస్సులో ఆడవాళ్లందరినీ అడిగాను. పదిహేడని పలికింది తామేనని ఎవరూ అనలేదు. శాంతమ్మ కలగన్నదేమో. పాస్టరుగారి చెయ్యి జారిందేమో. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. పదిహేడుకెదురుగా కొండకు పోయేటప్పుడు టిక్కు ఉంది, వచ్చేటప్పుడు లేదు.

అది కరుణ గొంతేనని చెప్పలేను. ఆమేనైతే, అలవాటుకొద్దీ నన్ను కాపాడబోయిందో, వీడి కోసం చూసింది ఇక చాలనుకుందో, అదీ తెలియదు. పదకొండేళ్లు నా కోసం ఆగిన మనిషి.

ఆ రోజు ఆగలేదు.